వసంత తీసేసిన లైను

గోపాల్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా కేబుల్ వైర్లు లాగుతున్న భాస్కర్, ఇప్పుడు నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షకు లాప్‌టాప్‌లో ప్రాక్టీసు ల్యాబ్‌లు, అంటే ఉత్తుత్తి నెట్‌వర్కులు, చేస్తున్నాడు. పరీక్షలో పాడైన నెట్‌వర్క్ ఇచ్చి బాగుచేయమంటారు. ప్రాక్టీసుకు తానే పాడుచేసుకుంటే తప్పెక్కడో తనకు ముందే తెలిసిపోతుంది కదా! అందుకని రోజూ పొద్దున భార్య వసంత చేత సెట్టింగుల్లో ఏదో ఒక లైను తీసేయిస్తాడు. ఆమెకు నెట్‌వర్కింగ్ రాదు, చెరపడం వచ్చు. అతను పది నిమిషాల్లో పట్టేసి, వీధంతా వినపడేలా గొప్పలు చెప్పుకునేవాడు.

మొన్న మాత్రం గంటన్నర వెతికాడు. అనుమానంతో అన్ని సెట్టింగులూ మార్చి, ల్యాబ్ మొత్తం పాడుచేశాడు.

"ఏం తీసినవే?" అన్నాడు చివరికి, చిరాగ్గా.

జాకెట్టు కుడుతున్న వసంత మిషన్ ఆపలేదు.

"ఏం తీయలే. మంచిగున్నదాన్ని మంచిగున్నదని చెప్తవో లేదో చూసిన."