పక్క నక్షత్రం

రిటైరైన సైన్సు మాస్టారు త్యాగరాజు, మబ్బు లేకపోతే చాలు, రోజూ సాయంత్రం ఏడింటికి తిరువొత్తియూరులోని తన మేడ మీదికి ఎక్కుతాడు. బైనాక్యులర్ అద్దాలను పంచె చెంగుతో తుడిచి, పిట్టగోడకు మోచేతులు ఆనించి ఒకే ఒక నోవాను చూస్తాడు. ఐదు నెలల కింద భగ్గుమని వెలిగి, అప్పటినుంచీ మెల్లగా ఆరిపోతున్న నక్షత్రం అది. ఎప్పుడూ మారని పక్క నక్షత్రంతో పోల్చి, దాని వెలుగును అంకెగా నోటుబుక్కులో రాసుకుని, ఖగోళ పరిశోధన చేస్తున్న పాత శిష్యురాలు కౌముదికి పంపుతాడు. "ఎక్స్‌రేలో దాని వెలుగు తగ్గిపోయింది సార్, రేడియోలో ఇప్పుడే పెరగతా ఉంది. మీ కంటి లెక్క మాత్రం ఆగకూడదు," అంటుందామె. అందుకే శుక్లాల ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేశాడు. కొత్త కంటి అంకెలు పాతవాటితో కలవవేమోనని ఆయన భయం.

నిన్న నోవా కనిపించలేదు. ఆరిపోయిందేమో అనుకున్నాడు. కానీ పక్క నక్షత్రమూ లేదు. ఎన్నూరు కరెంటు ప్లాంటు పొగ అయివుంటుందని పైకే రెండుసార్లు అనుకుని, తీగ మీది బట్టలు తీస్తున్న భార్య సీతాలక్ష్మిని పిలిచాడు. బైనాక్యులర్ ఆమె చేతికిచ్చాడు.

ఆమె చాలాసేపు చూసింది. "రెండూ ఆడనే ఉండాయి కదండీ. ఎడమపక్కది మసకగా ఉంది."

"రెండోదాంట్లో సగం ఉంటుందా?"

"సగానికి తక్కువే."

అంకె రాశాడు. చూసినవారి పేరు దగ్గర అలవాటుగా రాసిన తన పేరు కొట్టేసి, సీతాలక్ష్మి అని రాశాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. అది కూడా ఆమే చూసింది.