రెండు వైపులా చెప్పిన అబద్ధం

పన్నెండేళ్ళుగా ఒక భయాన్ని మోస్తున్నాను. మా ఊరివాళ్ళెవరైనా పెళ్ళికని చింతామణికి వెళితే, వాళ్ళు తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించదు. అక్కడ సుగుణమ్మ కనిపిస్తుందేమో. మాటల్లో మాట వచ్చి, నేను చెప్పిన రెండు అబద్ధాలూ ఎదురుపడతాయేమో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బాగేపల్లి. బస్టాండు దగ్గర నాకు టైలరింగ్ షాపు ఉంది. మా చిన్న చర్చికి నేను కార్యదర్శిని. సుగుణమ్మ అప్పట్లో మా ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో నర్సు. మా పాస్టరుగారు పక్షవాతంతో మంచాన పడినప్పుడు, వాక్యం చెప్పేవాళ్ళు లేక రెండు ఆదివారాలు పాటలు పాడి ఇళ్ళకు వెళ్ళిపోయాం. మూడో ఆదివారం ఆమె లేచి నిలబడింది. తర్వాత ఎనిమిది నెలలు ఆమే చెప్పింది. డ్యూటీ దిగి, ఆ తెల్లచీరతోనే గూళూరు బస్సెక్కి, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళేది. ఒకసారి ప్రసంగంలో అడిగింది, ప్రభువు సమాధి నుంచి లేచాడన్న కబురు మొదట మోసింది ఆడవాళ్ళే కదా, వాళ్ళు నోరు మూసుకుని ఉంటే మనమంతా ఇక్కడ ఎందుకుంటామని. అది నిజమేనని నాకూ అనిపించింది. అనిపించి కూడా ఆ అబద్ధాలు చెప్పాను. అదే నన్ను తినేస్తోంది.

మా పాస్టరుగారు ఇక లేవలేరని తేలాక, చిక్కబళ్ళాపుర నుంచి పెద్ద పాస్టరుగారు కబురు పంపారు. సుగుణమ్మను మా సంఘానికి కాపరిగా, అంటే పాస్టరుగా, పెట్టాలనుకుంటున్నారు, సంఘం మాట తెలుసుకుని నన్ను రమ్మన్నారు. ఆమె డ్యూటీలో ఉన్న పూట అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ చేతులెత్తారు. మొదట లేచింది నా భార్య చెయ్యి. నా వైపు చూడనైనా చూడలేదు.

మర్నాడు చిక్కబళ్ళాపురకు వెళ్ళి, "ఆడమనిషిని మావాళ్ళు ఒప్పుకోరయ్యా, సంఘం చీలిపోతుంది" అన్నాను. ఆయన నమ్మారు. ఊరికి తిరిగొచ్చి సంఘంతో, ఆడదానికి ఇది తగదని ఆమే వద్దనుకుందని చెప్పాను. ఆ మాట ఆమె దగ్గర ఎత్తొద్దని, బాధపడుతుందని కూడా చెప్పాను.

ఎందుకు? పక్క షాపతను ఒకసారి, "ఏమప్పా, మీ చర్చిలో మొగోళ్ళు యెవురూ లేరా?" అని నవ్వాడు. ఆ నవ్వుకేనా? లేక ప్రభు భోజనంలో ఆమె చేతి నుంచి రొట్టె అందుకుంటూ నేను తల వంచాల్సి వస్తుందనా? సంఘం కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ముందు వరుసలో నా కుర్చీ చిన్నదైపోతుందని భయపడ్డాను, అంతే.

పెద్ద పాస్టరుగారు ఆమెకు ఫోనులో చెప్పారట, ఆ సాయంత్రమే షాపుకు వచ్చింది.

"నిజం చెప్పన్నా. అందురూ వద్దంటాండారా?"

"అందురూనమ్మా."

"అక్క గూడానా?"

ఆమె అడిగింది నా భార్య గురించి. కుట్టుమిషను మీద నుంచి నేను తల ఎత్తలేదు. "మీ అక్క గూడా" అన్నాను.

కొత్త పాస్టరుగారు వచ్చారు. సుగుణమ్మ వెనక వరుసలో కూర్చుని, ప్రార్థన కాగానే వెళ్ళిపోయేది. ఆమెకు మనమంటే లెక్క లేదని మావాళ్ళు నొచ్చుకున్నారు. తను చెయ్యి పట్టుకుని ప్రార్థించిన వాళ్ళే తనను వద్దన్నారని ఆమె కుమిలిపోయింది. ఏడాది తిరక్కుండానే చింతామణిలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

ఇది నాతోనే పోతుందనుకున్నాను. పోలేదు. పోయిన నెల ఎస్తేరు అనే పిల్ల, మొన్ననే చదువు ముగించుకుని వచ్చింది, ఒక ఆదివారం తాను వాక్యం చెప్తానని అడిగింది. జవాబిచ్చింది నా భార్య.

"సుగుణమ్మంత మనిషే ఆడదానికి తగదని వద్దనుకుండాది. నీకెందుకు పాపా?"

ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది. నా భార్య నోట్లో నా అబద్ధం విన్నాను. అంత ధైర్యంగా చెయ్యెత్తిన మనిషిని నేనేం చేశాను?

ఈ సోమవారం చింతామణికి వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో నిలబడి అంతా చెప్పాను. సుగుణమ్మ తిడుతుందనుకున్నాను. గోడకు ఆనుకుని వింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకు చెప్తే అయిపోయిందా అన్నా? వాళ్ళకు యెప్పుడు చెప్తావు?" అంది. లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు.

ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడానికి సమయం అడిగి పెట్టుకున్నాను. ఇంకా రెండు రోజులుంది. నా భార్య నా మొహం చూస్తుందా? ఎస్తేరు మళ్ళీ లేచి అడుగుతుందా? సుగుణమ్మ పోగొట్టుకున్న పన్నెండేళ్ళకు నేనేం ఇవ్వగలను? ఏమీ తెలియదు. అయినా ఆ రోజు చెప్పడానికి ఒక్క మాట రాశాను, రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. ఆమె వద్దనలేదు, వాళ్ళూ వద్దనలేదు. వద్దన్నది నేను.