రాయి మీద లేని వరుస

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది, మింగనూ లేను, కక్కనూ లేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నా మీద జాలిపడకండి. నన్ను తలుచుకుంటే నాకే ఒళ్లు మండిపోతోంది, ఆ మంట చల్లారకముందే రాసేయాలి.

అరవైల చివర్లో నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చిన మేం పదిమందిమి ఫోటోల సంఘం పెట్టుకున్నాం. ఉప్పల్‌లో పాత శాసనాలు సేకరించే సంఘం ఇంకొకటి ఉండేది. దానికి పెద్దదిక్కు నర్సింహులు సార్, రిటైరైన బడిపంతులు. రాయి మీద తడికాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసేవారు; చెక్కిన అక్షరాలు తెల్లగా, మిగతా రాయంతా నల్లగా పడేది. ఎండలో, గంటలకొద్దీ. ఆ పాత అక్షరాలు చదవడం నాకు నేర్పింది కూడా ఆయనే.

రెండు సంఘాలూ కలిసిపోవాలని మావాళ్లు పట్టుబట్టారు. శాసనాల మీద ప్రేమతోనా? నా మొహం! ఉప్పల్ సంఘానికి ఒక గది ఉంది, ఫోటోలు కడుక్కోవడానికి మాకది కావాలి. ఆ మాట ఒక్కడైనా పైకి అన్నాడా? ఐక్యత అన్నాం. సిగ్గులేని జన్మలు. సార్ ఒప్పుకోలేదు. చివరికి ఒక పందెం కుదిరింది: పొలంలో ఉన్న ఒకే రాయిని ఆయన అచ్చు తీయాలి, నేను ఫోటో తీయాలి. ఫోటోలో అక్షరాలు బాగా తెలిస్తే సంఘాలు కలవాలి.

ఆయన ముందురోజే అచ్చు తీసి వెళ్లారు. మర్నాడు నేను వెళ్లాను. అక్షరాలు తెల్లగా కనబడాలని ఫోటోవాళ్లం చెక్కిన గీతల్లో సుద్ద నింపుతాం. అది అందరూ చేసేదే. మొదటి వరుస నింపాను. దాని కింద రాయి నున్నగా ఉంది. వేలితో తడిమాను, ఏమీ లేదు. అయినా నా చెయ్యి ఆగలేదు. ఏదో దానం, ఎవరిదో పేరు ఊహించుకుని ఇంకో వరుస సుద్దతో నేనే రాశాను. ఫోటో తీసి, నీళ్లు పోసి కడిగేశాను. తప్పని తెలియకపోతే కడిగేవాణ్ణా?

సమావేశంలో రెండూ పక్కపక్కన పెట్టారు. నా ఫోటోలో రెండు వరుసలు. ఆయన కాగితంలో ఒకటే, దాని కింద ఉత్త నలుపు. మావాళ్లు పకపకా నవ్వారు. రాయి మైలు దూరంలో ఉంది. లేచి వెళ్లి చూద్దామని ఒక్కడూ అనలేదు, టీ చల్లారిపోతుందని కాబోలు. సార్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నన్ను పక్కకు పిలిచారు.

"తమ్మీ, నిజం జెప్పు. గా రెండో వరుస రాయి మీద ఉన్నదా? నేను రెండుసార్లు కాయితం ఏసిన. నా చేతికైతే తగల్లే."

"ఉంది సార్. మీకు చూపు తగ్గినట్టుంది."

"గట్లనే అయ్యుంటది. చేతులు గూడ మొద్దుబారినయి. నువ్వు అబద్ధమెందుకు జెప్తవ్?"

ఆ మాటకైనా నోరు పెగలాలి కదా! తిరిగొచ్చి మావాళ్ల పక్కన కూర్చున్నాను.

సంఘాలు కలిశాయి. గది మాకు దక్కింది. సార్ మళ్లీ ఏ రాయి మీదా కాగితం వేయలేదు. పిలవడానికి వెళ్లినవాళ్లతో, "ఉన్న అక్షరం కనబడనోడు అచ్చు తీస్తే రేపు సదివెటోళ్లకు అన్నాయం జేసినట్టే" అన్నారట.

నాకు ఆయన మీద కూడా కోపమే. ఎందుకు నమ్మాలి? ఎన్నో ఏళ్లు రాళ్లను తడిమిన తన చేతుల్ని కాదని, నిన్నగాక మొన్న వచ్చిన నా మాట ఎందుకు నమ్మాలి? చొక్కా పట్టుకుని ఆ రాయి దగ్గరికి ఈడ్చుకెళ్లి ఉంటే నా బండారం అక్కడే బయటపడేది. చూశారా, ఇప్పటికీ తప్పు ఆయన మీదికే తోస్తున్నాను.

ఆయన పోయి చాలాకాలమైంది. తన కళ్లు తనను మోసం చేశాయన్న నమ్మకంతోనే పోయారు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పేస్తున్నాను. సార్ చూపు సరిగానే ఉంది. చేతులూ సరిగానే ఉన్నాయి. ఆ రాయి మీద ఉన్నది ఒక్క వరుసే. రెండోది నేను రాశాను.