బావ ఊదని ఈల

పోయిన శుక్రవారం ఇక్కడ కతర్‌లో, అల్ అజీజియాలో మాకు తెలిసినవాళ్ళింట్లో భోజనాలు పెట్టారు. తినడం అయ్యాక మగవాళ్ళంతా టీవీ ముందు చేరారు. ఏదో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్. పెనాల్టీ బాక్సులో ఒక ఆటగాడు కిందపడ్డాడు. రిఫరీ చేతులతో గాలిలో ఒక చతురస్రం గీసి, వీడియోలో మళ్ళీ చూడటానికి పక్కనే ఉన్న చిన్న తెర దగ్గరికి పరుగెత్తాడు. అంతే, గది రెండుగా చీలిపోయింది. "తగిలింది, క్లియర్‌గా తగిలింది" అని సగంమంది. "ఏం తగల్లేదు, వాడికి పడటం అలవాటే" అని మిగతా సగం. చూపించిందే మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు, మెల్లగా, ఇంకా మెల్లగా. మా ఆయన మాత్రం లేచి, ఖాళీ టీ గ్లాసులన్నీ పళ్ళెంలో సర్దుకుని వంటింట్లోకి వచ్చి సింకు దగ్గర నిలబడి కడగడం మొదలుపెట్టారు. ఇంటావిడ కంగారుపడిపోయింది. "అయ్యో, అన్నయ్యగారికి ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదా వదినా?" అని అడిగింది. ఇష్టం లేదు కాబోలు అన్నట్టు తల ఊపాను. ఆవిడకు చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

మా ఆయన ఒకప్పుడు రిఫరీ. ఉద్యోగం కాదులెండి, ఉద్యోగం సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్ పెట్టుకోని వాళ్ళమీద కేకలేయడం వారమంతా చేసే పని. సెలవురోజైన శుక్రవారం పొద్దున్న మాత్రం ఈల మెళ్ళో వేసుకుని అల్ రయ్యాన్ అవతల ఒక మట్టి మైదానానికి వెళ్ళేవారు. రకరకాల కంపెనీల కార్మికుల క్యాంపుల వాళ్ళు అక్కడ టీములు కట్టి ఆడేవారు. గడ్డిపోచ ఉండేది కాదు. సైటునుంచి తెచ్చిన జిప్సం పొడితో గీతలు గీసేవారు, గాలి వస్తే సగం ఆటలోనే గీతలు మాయమయ్యేవి. ఈయన ఏవో తరగతులకు వెళ్ళి, పరీక్ష రాసి, నల్ల చొక్కా సంపాదించుకున్నారు. ఆ చొక్కా నన్ను ఇస్త్రీ చేయనిచ్చేవారు కాదు, మడత తప్పుతుందని. ఇంట్లో అద్దం ముందు చేతి సైగలు సాధన చేసేవారు. ఒకసారి పప్పులో ఉప్పెక్కువైందని కంచం ముందు కూర్చునే, ఆటగాళ్ళను హెచ్చరించే పసుపు కార్డు తీసి చూపించారు. నేను గరిటె చూపించాను. అలా నవ్వుకున్న రోజులు అవి.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు కతర్ వచ్చాడు. మాది నిజామాబాద్ పక్క పల్లె. వాడు ఇంటర్ దాకా చదివి, చదువుకంటే బంతినే ఎక్కువ నమ్ముకున్నవాడు. ఇక్కడ స్కాఫోల్డింగ్ పని. ఇనుప గొట్టాలు ఒకదానిమీద ఒకటి బిగించుకుంటూ పైకి ఎక్కడం. మైదానంలో గోల్ స్తంభాలు కూడా వాడు బిగించినవే, పాత గొట్టాలతో. క్యాంపు టీములో చేరిన కొద్ది వారాలకే వాడి పేరు మైదానమంతా పాకింది. మధ్యలో నిలబడి ఆట నడిపేవాడు. తల ఎత్తకుండానే ఎవరెక్కడున్నారో తెలిసినట్టు బంతిని పంపేవాడు. ఆ పంపిన బంతి దుమ్ములోంచి వంపు తిరుగుతూ వెళ్ళి సరిగ్గా మనవాడి కాలి ముందు వాలడం చూస్తే, ఆట తెలియని నాకే ఒళ్ళు జలదరించేది. అక్కనని కాదు, నిజంగానే.

కానీ వాడికి ఇంకో విద్య కూడా ఉండేది. బాక్సు దగ్గరికి వచ్చాడంటే పడిపోయేవాడు. ఎదుటివాడి కాలు తగిలినా పడేవాడు, తగలకపోయినా పడేవాడు. ముఖం మెలికలు తిప్పుతూ, చీలమండ పట్టుకుని రెండు పొర్లు పొర్లేవాడు. రిఫరీ ఈల ఊదగానే లేచి ప్యాంటు దులుపుకునేవాడు. వాడి పుణ్యాన టీముకు వచ్చిన పెనాల్టీలు తక్కువేం కాదు. అందుకని మనవాళ్ళలోనే రెండు పక్షాలు తయారయ్యాయి. ఒక పక్షానికి పెద్ద, హైదరాబాద్ నుంచి వచ్చిన బస్ డ్రైవరు. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు. సగం ఉర్దూ, సగం తెలుగు. రెండో పక్షానికి పెద్ద, క్యాంపు మెస్సులో వంట చేసే ఆర్మూరు పెద్దమనిషి, మేమంతా కాకా అనేవాళ్ళం. మైదానం బయట కరక్ చాయ్, అంటే చిక్కటి పాల టీ, అమ్మే బండి దగ్గర వాళ్ళిద్దరి వాదన ఆట కంటే ముందే మొదలై ఆట అయిపోయినా సాగేది.

"వానిది కాలు గాదు కాకా, చెయ్యి. చెయ్యితోని ఇచ్చినట్టు ఇస్తడు బంతి. మాషాల్లా, గసుంటోడు ఈ గ్రౌండ్‌ల ఇంకొకడు లేడు" అనేవాడు భాయ్.

"ఆడుడు తక్కువ, పడుడు ఎక్కువ" అనేవాడు కాకా. "గెలిస్తే గెల్వనీ, ఓడితే ఓడనీ. గిట్ల దొంగతనంగ గెలిస్తే మందిల మొఖం ఎట్ల జూపెట్టాలె?"

తమ్ముడు రెండూ విని చాయ్ తాగుతూ నవ్వేవాడు. ఊళ్ళో మా అమ్మకు ఇదంతా ఎవరో ఫోన్లో చెప్పారు. "దుబాయ్‌ల పని జేయనీకి పోయినవా, ఆటలాడనీకి పోయినవార?" అని తిట్టింది. మా అమ్మ దృష్టిలో గల్ఫంతా దుబాయే. కతర్ అని ఎన్నిసార్లు చెప్పినా, "ఆ, దుబాయ్‌ల కతర్ల" అనేది.

ఆ చలికాలం వాళ్ళ టీము ఫైనల్‌కు వచ్చింది. తమ్ముడి ఆటలకు మా ఆయన ఎప్పుడూ రిఫరీగా వెళ్ళేవారు కాదు, అది ఆయన పెట్టుకున్న నియమం. కానీ ఫైనల్‌కు రావలసిన రిఫరీకి ఆ రోజు డ్యూటీ పడింది. వేరే మనిషి దొరకలేదు. అవతలి టీము కెప్టెనే ఫోను చేసి, మీమీద మాకు నమ్మకముంది, మీరే రండి అన్నాడు. ఆ మాట ఆయనకు ఎంత గొప్పగా అనిపించిందో ముఖం చూస్తేనే తెలిసింది. నాకు మాత్రం మనసొప్పలేదు.

"వద్దు. ఇటు ఇచ్చినా తప్పంటరు, అటు ఇచ్చినా తప్పంటరు" అన్నాను.

"గ్రౌండ్‌ల నాకు బామ్మర్ది ఎవ్వడు లేడు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, అంతే" అన్నారు ఆయన.

తమ్ముడు ఆ ముందురోజు మా ఇంటికొచ్చి నా చేతి చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుంటూ, "బావ రిఫరీ అయితే ఇగ పడుడు బంద్ అక్కా. బావ ఇజ్జత్ నేను తీస్తనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ వాడు నన్ను చూసి కాక వాళ్ళ బావను చూసి అన్నాడు. ఆయన వార్తలు చూస్తున్నట్టు టీవీవైపే చూస్తూ ఉండిపోయారు.

ఫైనల్ పొద్దున్న చలిగాలి బాగా వీచింది. ఆడవాళ్ళం నలుగురైదుగురం గాలి తగలకుండా కారు చాటున మడతకుర్చీల్లో కూర్చున్నాం. మొదటి సగంలోనే అవతలివాళ్ళు ఒక గోల్ వేశారు. తమ్ముడు అన్నమాట నిలబెట్టుకున్నాడు. వాణ్ణి తోశారు, చొక్కా పట్టి లాగారు, ఒక్కసారీ పడలేదు. తూలి నిలదొక్కుకుని ఆడాడు. చొక్కా లాగినప్పుడు మాత్రం కోపమొచ్చి రిఫరీతో వాదించాడు. ఆయన పసుపు కార్డు చూపించారు. భాయ్ నా వెనక నిలబడి, "అరే సార్, సొంత బామ్మర్దికే కార్డా?" అని నవ్వాడు. జనమంతా నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిన పడిందని నాకు తెలుసు.

ఆట ముగియవస్తుండగా తమ్ముడు బంతితో బాక్సులోకి దూసుకెళ్ళాడు. అవతలి టీములో ఒక నేపాలీ కుర్రాడు అడ్డంగా జారుతూ వచ్చాడు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి తమ్ముడి కేక వినిపించింది. దుమ్ము తగ్గేసరికి వాడు నేలమీద ఉన్నాడు. పొర్లడం లేదు. మోకాలు కడుపులోకి ముడుచుకుని కదలకుండా పడున్నాడు. మైదానమంతా మా ఆయన నోటివంకే చూసింది. ఈల పెదవుల మధ్యనే ఉంది. అప్పుడు ఆయన జేబులో చెయ్యి పెట్టి పసుపు కార్డు, దాని వెంటనే ఎర్ర కార్డు తీశారు. పడినట్టు నటించినందుకు. రెండో పసుపు కార్డు కాబట్టి ఆటలోంచే బయటికి.

అవతలివాళ్ళు గంతులేశారు. మనవాళ్ళు ఆయన్ని చుట్టుముట్టి అరిచారు. తమ్ముడు వాదించలేదు. చేతులు నేలకు ఆనించి లేచాడు. ఎవరి భుజమూ పట్టుకోకుండా, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, గీత దాటేదాకా నడిచాడు. "చాలు తియ్ ఇగ, కార్డు పడ్డంక గూడ యాక్టింగేనా?" అన్నాడు కాకా. నేను లేచి వెళ్ళేసరికి వాడి ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. బూటు విప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

చీలమండ పైన ఎముక విరిగిందని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టించి క్యాంపు గదిలో దించి వచ్చాం.

కప్పు అవతలివాళ్ళకే పోయింది, వాదన మాత్రం వారాల తరబడి నడిచింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అది అందరి ఫోన్లలోనూ తిరిగింది. సరిగ్గా కాలు తగిలిందో లేదో తేలాల్సిన చోట తెరనిండా దుమ్మే. మరి ఎముక ఎలా విరిగిందని భాయ్. ఉత్తగా పడినా విరుగుతుందని కాకా. రిఫరీ నిజాయితీపరుడని కొందరు, నిజాయితీ చూపించుకోవడానికి సొంతవాణ్ణి బలిపెట్టాడని కొందరు. చాయ్ బండి దగ్గర, బస్సులో, మెస్సులో అదే మాట. మా ఇంట్లో మాత్రం ఎవరం ఎత్తలేదు. ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవారు. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే. ఎవరి పక్షాన మాట్లాడినా ఇంకొకరిని పోగొట్టుకుంటానని భయంగా ఉండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరం కూర క్యారియర్ తీసుకుని క్యాంపుకు వెళ్ళాం. మేం వెళ్ళేసరికి గదిలో ఆ నేపాలీ కుర్రాడు ఉన్నాడు. సంచీలో నారింజపళ్ళు తెచ్చాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. రిఫరీని గుర్తుపట్టి తడబడ్డాడు. కానీ చెప్పదలుచుకున్నది చెప్పేశాడు. తన కాలే తగిలిందనీ, బంతికి కాదు నేరుగా చీలమండకే తగిలిందనీ, కప్పు వస్తుందన్న ఆశలో అప్పుడు నోరు మెదపలేదనీ హిందీలో చెప్పి, "మాఫ్ కర్నా" అని క్షమాపణ అడిగి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నేను క్యారియర్ విప్పుతున్నట్టు నటించాను. మా ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"వాడు చెప్పేదాక నాకు తెల్వదనుకుంటున్నవేమో" అన్నారు మెల్లగా. "నేను జూసిన. దుమ్ము లేవకముందే జూసిన. తగిలింది. ఊదుదామనుకున్న. గంతల్నే బామ్మర్దికి పెనాల్టీ ఇచ్చిండంటరని మనసుల వచ్చింది. ఒక్క క్షణం ఆగిన. ఆగినంక ఇగ ఏం జెయ్యాల్నో తెల్వక కార్డు తీసిన. నువ్వు నా బామ్మర్దివి కాకపోతే ఊదేటోణ్ణి."

తమ్ముడు కట్టున్న కాలిని పక్కకు జరుపుకున్నాడు. "నాకెర్కే బావా" అన్నాడు. "కింద పడి నీ మొఖమే జూసిన. నీకు కనిపించిందని అప్పుడే తెలిసింది." ఒక నారింజ చేతిలోకి తీసుకుని, "నేను ఉత్తగ పడ్డప్పుడల్లా అందరు ఇచ్చిండ్రు. నిజంగ పడ్డనాడు నువ్వు ఇయ్యలే. ఆ ఉత్త పడుడు లేకపోతే, ఎవ్వడేమనుకున్నా నువ్వు భయపడకపోదువు. అందుకే నిన్నొక్కణ్ణే అనబుద్ధి గాలే. కానీ నొప్పయితుంది బావా. కాలు గాదు" అన్నాడు.

ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతి శుక్రవారం ఆయన మైదానానికి వెళ్ళారు. తమ్ముడు వద్దన్నాడు, నేనూ వద్దన్నాను, వినలేదు. ఆట మొదలయ్యే ముందు రెండు టీములనూ, చుట్టూ ఉన్న జనాన్నీ పిలిచి, ఆ రోజు అది పెనాల్టీయే, నేను చూసి కూడా ఇవ్వలేదు, తప్పు నాది అని చెప్పారు. వెనకనుంచి ఎవరో అన్నారు: "ఇప్పుడు బామ్మర్ది కోసం అబద్ధం చెప్తున్నడు." కొందరు నవ్వారు. కొందరు అవునన్నారు. కాకా మాత్రం ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "నేను గూడ ఆ పోరన్ని మాట అన్న సార్, నొప్పితోని నడుస్తుంటే అన్న" అని, ఆ సాయంత్రమే తమ్ముడికి జొన్నరొట్టెలు చేసి తీసుకెళ్ళాడు. మా ఆయన ఇంటికొచ్చి నల్ల చొక్కా మడతపెట్టి అలమరలో అడుగున పెట్టేశారు. మళ్ళీ ఈల పట్టలేదు.

తమ్ముడి ఎముక అతుక్కుంది గానీ చీలమండ మునుపటిలా వంగలేదు. గొట్టాలమీదికి ఎక్కించడానికి కంపెనీ ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు స్టోరులో సామాను అందించే పని ఇచ్చారు. ఎండలో, ఎత్తుమీద తిరిగినవాడు, ఆ రేకుల గదిలో ఉండలేకపోయాడు. ఒప్పందం ముగియగానే ఇంటికి బయల్దేరాడు. విమానాశ్రయంలో బావే ట్రాలీ తోశారు. లోపలికి వెళ్ళే ముందు వాడు ఆయన్ని కావలించుకున్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు వాడు నిజామాబాద్‌లో పసుపు మార్కెట్ దగ్గర మోటారు పంపులు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. పెళ్ళయింది, ఒక కూతురు. చలికాలంలో కొంచెం కుంటుతాడట. బావతో వారం వారం మాట్లాడతాడు. వానల గురించి, పసుపు ధర గురించి, అమ్మ షుగర్ గురించి గంటసేపు సాగుతుంది. ఫుట్‌బాల్ మాట మాత్రం రాదు. ఇద్దరిలో ఎవరు తప్పించుకుంటున్నారో నాకు తెలియదు, బహుశా ఒకరికోసం ఒకరు తప్పిస్తున్నారేమో. ఆ రోజు ఈల ఊదకుండా ఆయన ఆగింది ఒక్క క్షణమే. ఆ క్షణం ఎంత పొడుగుందో ఆయనకూ నాకూ ఇన్నేళ్ళు గడిచినా ఇంకా తెలియడం లేదు.