నా నోటుబుక్కులో చొక్కా గుర్తులు

అది ఆగస్టు నెల రెండో శనివారం, సాయంత్రం నాలుగున్నర. గడియారం చూడటం అప్పటికే వచ్చు, చదవడమే రాదు. ఆ రోజుల్లో ఎవరైనా జీవితానికి పరమార్థం ఏమిటని అడిగితే, ముందు బట్టలు ఆరనివ్వండి, తర్వాత చెబుతాను అనేవాణ్ణి. వానాకాలంలో బొల్లారంలో బట్టలు ఆరబెట్టడం కన్నా పెద్ద ప్రశ్న నాకు తెలియదు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ కాలేజీ హాస్టలు బట్టలన్నీ మా ఇంటికే ఉతకడానికి వచ్చేవి.

ఆ కాలేజీ తెలుగు సారు 'తోడు గుంపులు' అని ఒకటి మొదలుపెట్టాడు. శనివారం శనివారం నలుగురేసి పిల్లలు, పని చేసుకు బతికే ఒక మనిషి దగ్గర కూర్చుని, తాము దేనికి పుట్టారో, దేనికి పనికొస్తారో మాట్లాడుకోవాలి. ఒక గుంపుకు నర్సమ్మను, ఇంకోదానికి రైల్వే గార్డును, మూడోదానికి బ్యాంకు ఆఫీసరును పిలిచాడు. ఆఫీసరు రానన్నాడు. ఆ సమయానికి నేను మూటతో వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాను. అందుకని నేను. పదేళ్లుగా ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లింది లేదు. ఇప్పుడు కుర్చీ వేశారు. చాయ్ కప్పు సాసరులో పెట్టి ఇచ్చారు. పిల్లలు 'అన్నా' అన్నారు. ఆ కుర్చీ పోతుందన్న భయంతో నాకు చదువు రాదన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సారు ప్రశ్నల కాగితం ఇస్తే కాసేపు దీక్షగా చూసి (సరైన వైపే పట్టుకున్నాననుకుంటాను), మడిచి జేబులో పెట్టుకుని, నా ప్రశ్న నేను వేసేవాణ్ణి. "ఏం పని చేస్తుంటే అన్నం యాది మరుస్తవ్ రా?" అంతే. పిల్లలు గంటసేపు మాట్లాడేవారు. తక్లీఫ్ అంతా నోటుబుక్కుతోనే వచ్చింది. ఒక్కో పిల్లవాడి గురించి వారం వారం రాయాలట. నాకు వచ్చిన రాత ఒకటే, ఎవరి చొక్కా ఏదో తెలియడానికి జీడిగింజ రసంతో కాలరు లోపల వేసే గుర్తు. ఒక్కో పేజీ పైన ఒక్కో పిల్లవాడి గుర్తు వేసి, కింద ఆ వారం వాడి చొక్కా మీద ఏ మరక ఉందో దాని బొమ్మ గీశాను. రెండు నెలలు బాగానే గడిచింది.

ఆ ఆగస్టు శనివారం ప్రిన్సిపల్ గారు వచ్చి కూర్చున్నారు. కోస్తా మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. "ఏదీ, మీ పుస్తకం కాస్త చదవండి, విందాం," అన్నారు. నేను తెరిచాను. ఆయన తొంగి చూశారు. "ఇదేంటయ్యా, బొమ్మలు?"

తప్పించుకునే దారి లేదు. చదవడం మొదలుపెట్టాను. "గీ సున్నా గుర్తు పిల్లగాడు కలెక్టర్ అయితనంటడు సార్. రెండు నెలల్ల ఒక్క సిరా మరక లేదు. రెండు గీతలోడు డాక్టర్ అంటడు, చొక్కా నిండ గ్రీజు. దోస్తుల స్కూటర్లన్నీ గీనే ఇప్పుతడు. కత్తెర గుర్తోని జేబుల పల్లీ పొట్టు తప్ప ఏం లేదు, వాడు సుఖంగ ఉన్నడు. మూడు చుక్కలోడు బాపు షాపుల కూసుంటనంటడు. కానీ శుక్రవారం శుక్రవారం మూట ఇప్పితె కుడి చేతి మడతల సుద్ద పొడి."

మూడు చుక్కలవాడు ఎర్రబడ్డాడు. "అన్నా, గా సుద్ద సుత చూసినవా?" అన్నాడు. చర్చి వెనక గదిలో సాయంత్రాలు కూలీల పిల్లలకు అక్షరాలు చెబుతున్నాడట. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని దాచాడట.

ప్రిన్సిపల్ గారు నా వైపు తిరిగారు. "మరి తెలుగులో ఎందుకు రాయలేదు?"

"రాదు సార్. చదువుడు సుత రాదు," అన్నాను. అని, ఎవరూ చెప్పకుండానే కుర్చీలోంచి లేచాను. లేవడం బాగా అలవాటైన పని.

ఆయన నా నోటుబుక్కు అందుకుని రెండు పేజీలు తిప్పారు. తర్వాత మెల్లగా, "నా చొక్కాలు కూడా మీ దగ్గరికే వస్తాయి కదూ?" అన్నారు.

"వస్తయ్ సార్."

ఆయన తన చొక్కా చేతి గుండీ పెట్టుకున్నారు. "కూర్చోండి," అన్నారు. ఇంకేమీ అడగలేదు.

మూడు చుక్కలవాడు ఆగలేదు. "అన్నా, సోమవారం సంది మా బడికి రా. లేకుంటే నీ కాలరు మీద గుర్తు నేనేస్త." వెళ్లాను. ఆ బడిలో అందరికన్నా పొడుగు నేనే. నా పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్ల నా 'ఱ' చూసి, "తాతా, గిదేంది?" అంది. ఇరవై ఎనిమిదేళ్లకే తాతనయ్యాను. మూడు చుక్కలవాడు తర్వాత పంతులే అయ్యాడు. వాళ్ల బాపు షాపు తమ్ముడు చూసుకున్నాడు.

ఇప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాను. మనుషుల చొక్కాలు చదవడం మాత్రం తగ్గింది. మొన్న పెట్టెలో ఆ నోటుబుక్కు దొరికితే తిరగేశాను. కొన్ని బొమ్మలు ఏ మరకలో నాకే తెలియలేదు. అవి గీసిన ఆ ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడికైతే అన్నీ నోటికొచ్చు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: ప్రిన్సిపల్ గారు, తెలుగు సారు, చాయ్ తెచ్చిన ఆయమ్మ, సున్నా, రెండు గీతలు, కత్తెర, మూడు చుక్కలు. కుర్చీలో నేను.