ఆటగాళ్లు తినకముందే

ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా నాకంటే రెండడుగులు ముందు నా పొట్ట చేరుకుంటోంది. ఏడో తరగతిలో నేను బడి మానేస్తానంటే ఆపడానికి ఒక్క పంతులూ రాలేదు గానీ, పెళ్లి భోజనాల వరుసలో నన్ను దాటిపోవడం మాత్రం ఇప్పటికీ ఎవరి వల్లా కాదు. మొన్న కామారెడ్డిలో మా బావమరిది కూతురి పెళ్లిలోనూ అంతే, ఫంక్షన్ హాల్లో అందరికంటే ముందు బిర్యానీ పెట్టించుకొని మా ఇంటామె పక్కన కూర్చున్నాను. ఎదురుగా వేదిక మీద, పెళ్లికొడుకువాళ్లు పట్నం నుంచి పిలిపించిన ఆటగాళ్లు ఈకల కిరీటాలు పెట్టుకొని ఎగురుతున్నారు. ఒకతను రెండు కొసలా మండుతున్న కట్టెను తిప్పుతున్నాడు. మావాళ్లంతా వాళ్లకు వీపు తిప్పి బొక్కలు కొరుకుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. నన్ను కన్న మా అవ్వ గుర్తొచ్చింది.

మన వయసువాళ్లకు నేను విడిగా చెప్పక్కర్లేదు, ఊరూరా తిరిగి ఆడే చిందు బాగోతం వాళ్లు వచ్చారంటే ఎల్లారెడ్డిలో మా వాడకు పండుగ వచ్చినట్టే ఉండేది. రోజుకొక ఇంటివాళ్లు వాళ్లకు అన్నం పెట్టాలి. మా వంతు వచ్చిన రోజు అవ్వ పొద్దు వాలకముందే జొన్నరొట్టెలు చేసి, పచ్చిపులుసు కలిపి, వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి దగ్గరుండి తినిపించేది, ఎందుకంటే ముఖానికి రంగు పూసుకున్నాక ఆట అయిపోయేదాకా వాళ్లు నోట్లో ఏమీ వేసుకోరు. వాళ్లు చేతులు కడుక్కున్నాకే మాకు పెట్టేది. ఇక ఆట మొదలయ్యాక మా ఇంటివాళ్లెవరి దవడా కదలకూడదు. ఒకసారి నేను జేబులో పల్లికాయలు దాచుకొని వెళ్తే అన్నీ గుంజుకొని పారబోసింది. బాగోతంలో రాజు రాజ్యమంతా మింగుతుంటే లేని తప్పు నేను పల్లికాయ తింటే వచ్చిందా అని అడిగినందుకు వీపు కూడా పగిలింది. బడిలో నేర్చుకున్నవన్నీ మరిచిపోయాను గానీ ఆ దెబ్బ చెప్పిన పాఠం మాత్రం మరవలేదు.

అలాంటి అవ్వను ఆమె ముసలితనంలో మా తమ్ముడు దుబాయి తీసుకెళ్లాడు. అక్కడ చాలా ఏళ్లుగా డ్రైవరు పని చేస్తున్నవాడు, అవ్వకు ఒక్కసారైనా ఆ ఊరు చూపించాలని వాడి కోరిక, ఆమెకు తోడుగా నన్నూ మా ఇంటామెనూ కూడా పిలిచాడు. హోటళ్ల తిండి సయించక అవ్వ ఆ రోజు పొద్దున చాయ్ తాగి ఊరుకుంది. సాయంత్రం మమ్మల్ని ఎడారిలో ఆట చూపిస్తూ భోజనం పెట్టే చోటికి తీసుకెళ్లి, అక్కడ పప్పూ రొట్టే దొరుకుతాయి, కడుపునిండా తినవచ్చని తమ్ముడు మురిసిపోయాడు. నేలమీద తివాచీలు, మెత్తలు, ముందర పళ్లాలు. నడుమ గద్దె మీద ఒకతను లైట్లు కుట్టిన పెద్ద ఘాగ్రా తొడుక్కొని గిరగిరా తిరుగుతున్నాడు. గడ్డం మీదుగా చెమట కారుతోంది. అవ్వ పళ్లెం ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

“ఆయన తిన్నడా?” అని అడిగింది తమ్ముణ్ని.

“వాళ్లకు తర్వాత పెడుతరే అవ్వా, నువ్వు తిను,” అన్నాడు వాడు.

“తర్వాతంటే ఎప్పుడురా? గిప్పటికే కండ్లు గుంతలు వడ్డయి.”

ఆట ఆగి అతను వంగి దండం పెట్టగానే, మేం చూస్తుండగానే అవ్వ తన పళ్లెం పట్టుకొని లేచి, తివాచీల మధ్యనుంచి నడిచి గద్దె ఎక్కింది. అతను పళ్లెం వైపు చూశాడు, తర్వాత పక్కన నిలబడ్డ మేనేజరు వైపు చూశాడు. చెయ్యి గుండెకు ఆనించుకొని తల అడ్డంగా ఊపి తెర వెనక్కి వెళ్లిపోయాడు. మేనేజరు వచ్చి అవ్వ రెక్క పట్టుకున్నాడు. మైకు పట్టుకున్నవాడు ఈ ముసలామె మా ఆటగాడి మీద మనసు పడిందని హిందీలో అన్నాడు. జనం పడీపడీ నవ్వారు, ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. ఆమెకు ఆ మాట అర్థం కాకపోతే బాగుండేది, కానీ ఉర్దూ వింటూ పెరిగిన నిజాం కాలం మనిషి కదా, ఆ భాష మా అందరికంటే ఆమెకే బాగా వచ్చు. నేను వెళ్లి ఆ చెయ్యి విడిపించి, నాకు వచ్చిన తిట్లన్నీ ఉన్న భాషలన్నిట్లో తిట్టాను. తమ్ముడేమో పరువు పోయిందని తల వంచుకున్నాడు. ఎవరి పరువు పోయిందో వాడికి ఈ రోజుకీ తెలియదు.

అవ్వ తిరిగొచ్చి, అది ఆ ఆటగాడి వంతే అన్నట్టు ఆ పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించింది. మేం కారెక్కేదాకా దాన్ని ముట్టుకోలేదు, ఆ పూట మంచినీళ్లతోనే పడుకుంది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఎడారి వాళ్ల మీద కోపం ఇన్నాళ్లూ దాచుకున్నాను, వాళ్లకు మన పద్ధతి తెలియదులే అని ఒక్కోసారి సర్దిచెప్పుకున్నాను కూడా. ఇప్పుడు చూస్తే కామారెడ్డిలోనూ అదే తిండి, అదే ఆట, అదే పట్టనితనం. ఇక్కడ తింటున్నది పరాయివాళ్లు కాదు, మా వాడ అరుగుల మీద చిందు ఆటగాళ్లకు రొట్టెలు పెట్టినవాళ్ల మనవలు. రంగు పూసుకోకముందే పిలిచి అన్నం పెట్టే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు, పెట్టాలన్న సంగతి గుర్తున్న మనిషీ కనబడడు. ఇదంతా మా ఇంటామెకు చెబుతూ పెళ్లివాళ్లనూ, వంటవాళ్లనూ, కాలాన్నీ కలిపి ఉతికేశాను. ఆమె అంతా విని, నా ముందరి బిర్యానీ వైపు ఒకసారి చూసి, మెల్లగా అంది:

“మీ అవ్వ గా రోజు ఒక్క మాట గూడ అనలె. పళ్లెం పట్టుకొని లేసింది. నువ్వేమో బిర్యాని సల్లారెదాక మాట్లాడుకుంటనే కూసున్నవు.”