హారను లేని డబ్బా

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల తొలి రోజుల్లో పదో తరగతి పాసై పదహారేళ్ళు నిండిన ఆ ఎండాకాలంలో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ప్రజాసేవ గురించైతే మరీను. మిర్యాలగూడలో జరిగిన వక్తృత్వపు పోటీలో ఆ అంశం మీదే మాట్లాడి స్టీలు టిఫిను డబ్బా గెలుచుకున్నాను. దీనులు, ఆర్తులు, కన్నీరు తుడిచే చేతులు అంటూ ఊపిరి తీసుకోకుండా నేను దంచేస్తుంటే ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు కంట్లో నలుసు పడిందని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. వాడి మాట పట్టించుకోనవసరం లేదు.

ఆ ఊపులోనే నేను నర్సునవుతానని ఇంట్లో ప్రకటించాను. సూర్యాపేటలో ట్రైనింగుకు ఫారాలు ఇస్తున్నారంటే మా నాయిన పోయి ఒకటి తెచ్చాడు. దాని మీద తండ్రి సంతకం ఉండాలి, ఎల్లుండిలోగా మళ్ళీ సూర్యాపేటలో ఇచ్చిరావాలి. కానీ సంతకం దగ్గరికి వచ్చేసరికి నాయినకు చెయ్యి ఆడలేదు. ఆయన నేరేడుచర్లలో రైసు మిల్లులో పనిచేసేవాడు. గింజను పంటికింద వేసి చూడనిదే వడ్లను నమ్మని మనిషి. "ఆ నౌకరి ఎట్లుంటదో ఎరుక లేకుండ పిల్లను ఎట్ల తోలాలె?" అని ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అటు కోదాడ నుంచి మా మేనత్త, "నర్సూ గిర్సూ ఎందుకురా, పిల్లని నా దగ్గరికి పంపించెయ్. కుట్టుమిషను నేర్పిస్తాను, నీడపట్టున ఉంటుంది" అని కబురు మీద కబురు. ఫారం వెళ్ళకపోతే నేను కోదాడ బస్సు ఎక్కాలి, జీవితమంతా జాకెట్లకు కాజాలు కుట్టాలి.

ఒక్క సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. నాకు సూదంటే చచ్చేంత భయం. బడికి టీకాల వాళ్ళు వచ్చిన ప్రతిసారీ వెనక గోడ దూకి పారిపోయిన ఘనత నాది. నర్సునయ్యాక పొడిచేది నేనే గాని నన్ను పొడిచేవాళ్ళు ఎవరుంటారులే అని సర్దిచెప్పుకున్నాను.

మా పక్కింట్లో కిరాయికి ఉండే అక్క నర్సు. చుట్టుపక్కల ఊళ్ళకూ తండాలకూ నడిచి వెళ్ళి పిల్లలకు టీకాలు వెయ్యడం, గర్భిణులను చూడడం ఆమె పని. నాయిన గోడ దగ్గరికి పోయి, "జర చెప్పు బిడ్డా, ఈ నౌకరి మంచిదేనా?" అని అడిగాడు. ఆమె మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. చేటలో బియ్యం చెరుగుతూ, "చెప్తే ఏం తెలుస్తది కాకా? రేపు పొద్దుగాల ఆరింటికి నాతోని తోలు. పాత చెప్పులు ఏసుకొని రమ్మను. మాపటికి వచ్చినంక సంతకం పెట్టాల్నో వద్దో అదే చెప్తది" అంది.

పాత చెప్పులట! ప్రజాసేవకు పాత చెప్పులతో ఎవరైనా వెళతారా? ఇస్త్రీ చేసిన తెల్ల లంగా ఓణీ, తెల్ల రిబ్బన్లు, మొన్ననే కొన్న చెప్పులు వేసుకుని ఆరు గంటలకల్లా తయారయ్యాను. అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. సర్కారు దవాఖానకు తీసుకుపోయి, అక్కడ ఇచ్చిన నీలంరంగు డబ్బా ఒకటి నా భుజానికి తగిలించింది. లోపల మంచుగడ్డలు, వాటి మధ్య టీకా మందు సీసాలు. మంచు కరిగిందంటే మందు పాడైనట్టేనని చెప్పింది. పక్క ఊళ్ళో కోరింత దగ్గు మొదలైందట. తండాలో పద్దెనిమిది మంది పిల్లలకు ఇవాళ సూది పడి తీరాలి.

కాలువ కట్ట మీద నాలుగు కిలోమీటర్లు. మొదటి కిలోమీటరులోనే కొత్త చెప్పులు కరిచాయి, రెండోదాంట్లో కుక్క వెంటపడింది. డబ్బా నుంచి కారే నీళ్ళకు ఓణీ ఒక పక్కంతా తడిసి ఒంటికి అంటుకుంది. దారిలో ఒకాయన నడుము నొప్పికి గోలీ అడిగాడు. ఒకామె కొడుకు రాసిన ఉత్తరం చదివిపెట్టమంది. ఇంకొకామె అక్కను నిలబెట్టి కోడలి మీద చాడీలన్నీ చెప్పింది. అన్నీ విని, కోడలికి ఎన్నో నెలో కనుక్కుని, రిజిస్టరులో రాసుకుని అక్క కదిలేది. నేను మాత్రం ఎవరైనా ఏడిస్తే కన్నీళ్ళు తుడుద్దామని కాచుకుని ఉన్నాను. ఒక్కరంటే ఒక్కరూ ఏడవలేదు.

తండాలో అడుగు పెట్టామో లేదో, "ఐసు! ఐసు!" అంటూ పిల్లలు ఎదురు ఉరికివచ్చారు. సైకిలు మీద ఐసు అమ్మే ఆయన డబ్బా కూడా అచ్చం ఇలాగే ఉండేది, నా వెనక వస్తున్న అక్క వాళ్ళకు కనబడలేదు. ఐసుకు పైసల బదులు ఇద్దామని ఒకడు ఖాళీ సీసా తెచ్చాడు, ఒకడు ఇనుప ముక్క తెచ్చాడు, ఇంకొకడైతే వాళ్ళ తాత చెప్పునే పట్టుకొచ్చాడు. అంతమందిని ఒక్కచోట చూసేసరికి నాకు మిర్యాలగూడ సభ గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయాను. గొంతు సవరించుకుని, "పిల్లలారా! ఇది ఐసు కాదు. మీ ఆరోగ్యం కోసం మేము సూదులు తెచ్చాం!" అన్నాను.

కళ్ళు మూసి తెరిచేలోగా తండాలో తాత చెప్పు ఒక్కటే మిగిలింది.

పిల్లలు పశువుల కొట్టాల మీదికి, గడ్డివాముల్లోకి ఎటువాళ్ళటు మాయమయ్యారు. "సేవ మస్తుగ చేసినవ్ పో" అంది అక్క. తిట్టినా బాగుండేది. నాకు తలకొట్టేసినట్టయింది. సూదులు మరగబెట్టడానికి ఒక అవ్వ పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆ రోజుల్లో వాడిన సూదులనే ఉడకబెట్టి వాడేవాళ్ళు. అవ్వ గిన్నెలోకి తొంగిచూసి, "ఏం కూర బిడ్డా?" అంది. "సూదుల పులుసు యాడీ" అంది అక్క. తండా భాషలో అమ్మను అలాగే పిలుస్తారు. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది గాని పిల్లలు మాత్రం రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. డబ్బా మూత తీసి చూస్తే మంచు ముప్పాతిక కరిగిపోయింది. సరిగ్గా అప్పుడే రబ్బరు హారను కొట్టుకుంటూ ఐసు ఆయన దిగాడు. హారను ఎంత కొట్టినా ఒక్క పిల్లా రాలేదు. కొట్టం మీద నుంచి ఎవడో, "ఇంకో సూదోడు వచ్చిండ్రోయ్!" అని అరిచాడు. ఆయన సైకిలు స్టాండు వేసి నేరుగా అక్క మీదికి వచ్చాడు.

"నర్సమ్మా, నీకు నేనేం అన్యాయం జేసిన? నీ డబ్బ, నా డబ్బ ఒక్క తీరుగున్నయి. నిన్ను సూసి ఉరికిన పోరగాండ్లు నన్ను సూసి గూడ ఉరుకుతున్నరు. ఇగ నా ఐసు ఎవలు తినాలె, బర్లా?"

నాకు గొప్ప ఉపాయం తట్టింది. మేము ఐసు ఆయన వెనక దాక్కుందాం, ఆయన ఐసు చూపించి పిలుస్తాడు, దగ్గరికి రాగానే పట్టుకుందాం అన్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "ఇయ్యాల మోసం జేస్తే ఒక్క సూది పడ్తది. వచ్చే నెల ఈ తండాల నా మొఖం ఎవలు సూస్తరు?" అంది. తర్వాత ఆయనతో, "అన్నా, నీ బేరం నేను నిలబెడ్త. నా మందు నువ్వు నిలబెట్టు. జర గడ్డ పెట్టు ఇండ్ల" అంది. ఆయన గొణుక్కుంటూనే తన డబ్బాలోని ఐసుగడ్డలు కొన్ని తెచ్చి మా డబ్బాలో నింపాడు.

అప్పుడు అక్క తండా నడిమధ్యన నిలబడి కేక వేసింది. "ఇనుండ్రి పిల్లలు! హారను కొట్టే డబ్బల ఐసు ఉంటది. హారను లేని డబ్బల సూది ఉంటది. సూది నొస్తది, నేను అబద్ధం చెప్ప. కని నర్సమ్మ ఎన్నడూ హారను కొట్టది!" ఒప్పందం ఖాయమన్నట్టు ఐసు ఆయన మూడుసార్లు హారను కొట్టాడు. గడ్డివాముల్లోంచి తలలైతే బయటికొచ్చాయి. కాళ్ళు మాత్రం రాలేదు.

అక్క నా వైపు తిరిగింది. "నీకు ఎన్నేండ్లే?"

పదహారన్నాను.

"పదహారేండ్లోళ్ళకు ధనుర్వాతం సూది ఉన్నది. కూసో."

నాకు జ్వరంగా ఉందన్నాను. అమ్మను అడగాలన్నాను. నేను వచ్చింది చూడడానికే గాని పొడిపించుకోవడానికి కాదన్నాను. అక్క సిరంజిలోకి మందు ఎక్కిస్తూనే, "బడి గోడ దుంకింది నాకు ఎరుక లేదనుకున్నవా? ఆ దినం మీ బడికొచ్చింది నేనే" అంది. అవ్వ వచ్చి నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి గట్టిగా పట్టుకుంది. సూది తగలకముందే నేను పెట్టిన కేకకు కొట్టంలో బర్రె తాడు తెంపుకుంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, దాన్ని పట్టుకురావడానికి ఇద్దరు మనుషులు పోయారు.

పిల్లలు పగలబడి నవ్వారు. అంత పెద్ద పిల్ల సూదికి ఏడవడం దగ్గర్నుంచి చూడకపోతే ఎలా? ఒక్కొక్కరే దిగి వచ్చి మంచం చుట్టూ మూగారు. రిబ్బను ఊడిపోయి, ముక్కు కారుతూ, నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. వాళ్ళలో నాలుగేళ్ళ పిల్ల ఒకతె నవ్వలేదు. దగ్గరికొచ్చి, "నొచ్చిందా?" అంది. లేదని చెప్పాలని తెలుసు, కానీ నోరు రాలేదు. "మస్తు నొచ్చింది" అన్నాను. "ఇంకా నొస్తుందా?" అంది. చెయ్యి తడిమి చూసుకున్నాను. ఆశ్చర్యం, నొప్పి లేదు. "లేదు, అయిపోయింది" అన్నాను.

ఆ పిల్ల నా ఒళ్ళోకి ఎక్కి, నా గడ్డం గట్టిగా పట్టుకుని, అక్కకు చెయ్యి చాపింది. సూది పడగానే అది అరిచింది, దానితోపాటు నేనూ అరిచాను. మిగతా పిల్లలకు ఇది ఇంకా వేడుకైంది. పొద్దు వాలేలోగా అక్క రిజిస్టరులో పద్దెనిమిది పేర్లకూ టిక్కులు పడ్డాయి. సూది వేయించుకున్నవాళ్ళంతా అటే పోయి ఐసు ఆయన డబ్బా ఖాళీ చేశారు. తాత చెప్పు తాతకు చేరిందో లేదో నాకు తెలియదు.

తిరుగుదారిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. "నీ ఒళ్ళె కూసున్న పిల్ల నాకు ఆర్నెల్ల సంది దొరకలే" అని మాత్రం అంది అక్క.

ఇంటికొచ్చేసరికి నాయిన ఫారం, పెన్ను పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఎట్లుందే అన్నాడు. నేను ఏకరువు పెట్టాను. కుక్కలు, ఎండ, బొబ్బలు, దారి పొడుగునా చాడీలు, చెయ్యి పడిపోయేలా రిజిస్టరు రాయడం, ఎవ్వరూ దండం పెట్టకపోవడం, ఒంటికి పోదామంటే చాటు లేకపోవడం. నాయిన మెల్లగా పెన్ను మూత పెట్టేశాడు. "అయితే కోదాడ..." అనబోతుంటే, "సంతకం పెట్టు నాయినా" అన్నాను. "గింత జెప్పి గూడనా?" అని ఆయన నోరు తెరిచాడు. గడ్డం మీద ఆ పిల్ల గోళ్ళ గీతలు ఇంకా చుర్రుమంటున్నాయి, అవే చూపించాను. నాయిన ఏమీ అర్థం కాక గోడవతలికి చూశాడు. అక్క అటునుంచే, "సూదంటే పిల్లకు సచ్చేటంత భయం కాకా. నౌకరికి మంచిగ పనికొస్తది, పెట్టు" అంది. నాయినకు అదీ అర్థం కాలేదు గాని సంతకం పెట్టాడు.

ఎన్నో ఏళ్ళు ఆ పని చేసి రిటైరయ్యాను. అన్ని రోజుల్లోనూ పిల్లలెవరికీ నొప్పి ఉండదని చెప్పలేదు. నొస్తుంది, తర్వాత అయిపోతుంది అనే చెప్పాను. ఉద్యోగం గురించి అడగడానికి ఆడపిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. మంచిచెడ్డలు నేను చెప్పను. పాత చెప్పులు వేసుకుని ఒకరోజు మా ఊరి నర్సు వెంట తిరిగి రమ్మంటాను.

పోయిన వారం వచ్చిన పిల్ల సేవ గురించి బాగానే మాట్లాడింది. రోజంతా తిరిగొచ్చి, కాళ్ళకు బొబ్బలు చూపించింది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, "సూది సూస్తేనే నాకు కండ్లు తిరుగుతయి అమ్మమ్మా. ఎవరికీ చెప్పకు" అంది. ఫారం ఎక్కడ పెట్టావే అని అడిగాను. సంచిలోంచి నలిగిన ఫారం తీసింది. కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి గడిలో దాని పేరు నేనే రాశాను.